చెక్క చేపతో ఆరేళ్లు

పెళ్లయి సింగపూర్ వచ్చాక చెక్క చేప వాయించడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఆమె చైనాలో పుట్టిన తావో మత సంప్రదాయం పాటించే చైనీస్ ఆవిడ. రోజూ సాయంత్రం అగరొత్తులు వెలిగించి 'చింగ్‌జింగ్ జింగ్' పారాయణ చేస్తారు. సుమారు 400 అక్షరాల చిన్న గ్రంథం. అక్షరానికో దెబ్బ చొప్పున 'మూయూ', అంటే చెక్క చేప, మోగుతూ ఉంటుంది. లోపల బోలుగా, నోటి దగ్గర చీలికతో ఉండే వాయిద్యం, చిన్న కర్రతో కొడతారు. చేప కళ్లు మూయదు కదా, జపంలో మనసు కునుకు తీయకూడదని ఆ రూపం.

మొదట నేను కొన్నది నిగనిగలాడే ఎర్ర రంగుది. 'టప్' అని అక్కడికక్కడే ఆగిపోయే చచ్చు శబ్దం. అయిదు నెలలకే ఏసీ గాలికి నడుమ పగిలింది. అత్తగారు నోటి చీలికలోకి ఫోన్ లైటు వేసి చూపించారు: రెండు ముక్కలు జిగురుతో అతికించి ఉన్నాయి. కొట్టువాళ్లు వెనక్కి తీసుకోలేదు. మీరు కొనేటప్పుడు ముందు ఆ చీలికలోకే చూడండి.

ఇప్పుడున్నది కర్పూర చెట్టు చెక్క. ఒకే దుంగని చీలికలోంచే ఉలి పెట్టి లోపలంతా తొలిచారు. పెట్టె తెరవగానే మన హారతి వాసన వచ్చింది, ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. శబ్దం గుండ్రంగా, లోతుగా ఉంటుంది. కర్రని బిగించి పట్టుకోకూడదు, దెబ్బ పడగానే దానంతట అదే పైకి లేవాలి. నాకు అది పట్టుబడటానికి ఏడాది పట్టింది. చైనీస్‌లో ఒక్కో అక్షరం ఒక్కో మాత్రలా సాగుతుంది కాబట్టి సమానంగా కొడితే చాలు. లఘువు, గురువు అలవాటైన చెవికి మొదట్లో కష్టమే. విష్ణు సహస్రనామానికి వాయించి చూశాను, కుదరలేదు.

దీనికి జంట 'చింగ్', మెత్త మీద కూర్చోబెట్టే కంచు గిన్నె. మొదట్లో, చివర్లో అంచు మీద ఒక్క దెబ్బ. నాదం చాలాసేపు నిలుస్తుంది, ఫ్లాట్‌లో ఉండేవాళ్లు చిన్న సైజు తీసుకోండి. 'దీజొంగ్' అనే చేతి గంట కూడా ఉంది. మన పూజ గంట పిడి మీద గరుడుడో నందో ఉన్నట్టు, దీని పిడికి మూడు కొమ్ములుంటాయి. అవి వాళ్ల ముగ్గురు పరమ దేవతలకి గుర్తు.

చేపని తడిగుడ్డతో తుడవొద్దు, ఏసీకి ఎదురుగా పెట్టొద్దు. కర్ర తలకున్న రబ్బరు అరిగితే మార్చుకోవాలి, మాది మూడోది. దెబ్బ పడే చోట రూపాయి బిళ్లంత మేర చెక్క నున్నబడింది. ఇప్పుడు అక్కడ కొడితేనే దాని గొంతు బాగా పలుకుతుంది.