థాల్‌బర్గా, జూనియర్ లెమ్లీనా: ప్రొడక్షన్ హెడ్‌గా ఎవరి దారి మేలు?

ఇద్దరూ హాలీవుడ్ స్టూడియో యూనివర్సల్‌లోనే, మీసాలు సరిగ్గా రాని వయసులో పెద్ద కుర్చీ ఎక్కారు. ఇర్వింగ్ థాల్‌బర్గ్ ఓనర్ కార్ల్ లెమ్లీ దగ్గర సెక్రటరీగా ఉంటూ, 21 నిండకముందే స్టూడియో బాధ్యతలు అందుకున్నాడు. 1929లో లెమ్లీ తన 21 ఏళ్ల కొడుకు జూనియర్‌కి నిర్మాణం మొత్తం అప్పగించాడు.

థాల్‌బర్గ్ 1924 నుంచి ఎంజీఎం అనే మరో హాలీవుడ్ స్టూడియోలో చేసింది చూస్తే అతనిది పట్టున్న పని. కథ దగ్గరే నెలల తరబడి కూర్చునేవాడు. సినిమా తీశాక ప్రివ్యూ వేసి, జనానికి ఎక్కడ విసుగు పుట్టిందో చూసి, ఆ సీన్లు మళ్లీ తీయించేవాడు. ఆర్థిక మాంద్యంలో కూడా ఎంజీఎం నష్టపోలేదంటే ఈ పద్ధతికి అందులో పెద్ద వాటా ఉంది. కానీ ఆ పట్టు బిగుసుకుంటే ఏమవుతుందో 'గ్రీడ్' చెబుతుంది. దాదాపు 42 రీళ్లుగా మొదలైన దర్శకుడు స్ట్రోహైమ్ సినిమా చివరికి 10 రీళ్లకు వచ్చింది. కోసేసిన ఫిల్మ్ మళ్లీ దొరకలేదు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

జూనియర్‌ది తెగింపు. మిగతావాళ్లు వెనకాడే కథ మీద డబ్బు పెట్టేవాడు. యుద్ధాన్ని శత్రువైన జర్మన్ సైనికుడి కళ్లతో చూపించిన 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' (1930) ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చింది. 1931లో 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చాయి. తండ్రి ఇచ్చిన పదవి అని అతన్ని తీసిపారేయడం అన్యాయం.

అయితే ఎంజీఎం వెనుక దాని మాతృసంస్థ లోయీస్ థియేటర్లు ఉన్నాయి. యూనివర్సల్‌కి అలాంటి దన్ను లేదు. అలాంటి చోట బడ్జెట్ అదుపు తప్పితే నేరుగా స్టూడియోకే ఎసరు. 'షో బోట్' తీసే రోజుల్లో స్టాండర్డ్ క్యాపిటల్ అనే ఫైనాన్స్ కంపెనీ దగ్గర 7,50,000 డాలర్లు అప్పు తెచ్చారు. అప్పుతో పాటే స్టూడియోను కొనే హక్కు కూడా రాసిచ్చారు. 1936 మార్చిలో వాళ్లు ఆ హక్కు వాడుకున్నారు, తండ్రీకొడుకులు బయటికొచ్చేశారు. రెండు నెలలకు రిలీజైన 'షో బోట్' బాగా ఆడింది.

స్టూడియో నిలబడాలంటే థాల్‌బర్గ్ దారే మేలు, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే అది మనిషిని తినేసే దారి. థాల్‌బర్గ్‌ది పుట్టుకతోనే బలహీనమైన గుండె. 1932 చివర్లో గుండెపోటు వచ్చింది. మరుసటి ఏడాది కోలుకోవడానికి యూరప్‌లో ఉండగానే ఎంజీఎం అధిపతి మేయర్ అతని ప్రొడక్షన్ హెడ్ పదవి తీసేశాడు. తిరిగొచ్చి మామూలు నిర్మాతగా పనిచేస్తూ 1936 సెప్టెంబర్‌లో 37 ఏళ్లకే పోయాడు. జూనియర్ 1979 దాకా బతికాడు. యూనివర్సల్ చేజారాక ఆ 43 ఏళ్లలో ఒక్క సినిమా కూడా నిర్మించలేదు.