డి4 తర్వాత: సి4 జరపాలా, బిషప్‌ను తేవాలా?

చదరంగంలో తెల్లపావులతో డి4 (మంత్రి ముందున్న బంటును రెండు గడులు) జరిపినవారి ముందు రెండు దారులుంటాయి: క్వీన్స్ గాంబిట్, లండన్ సిస్టమ్.

గాంబిట్‌లో, నలుపు డి5 జరిపితే, రెండో ఎత్తుకే సి4 బంటును ఎరగా పెడతాం. నలుపు దాన్ని తినవచ్చు, నిలుపుకోవడమే కష్టం. తెలుపు ఇ3 జరిపాక బి5తో కాపాడబోతే ఏ4 ఎదురవుతుంది. సి6 జరిపి పట్టుబట్టితే బి5 మీద బంట్లు మారతాయి, తెల్ల మంత్రి ఎఫ్3కి వస్తాడు. మూలనున్న నల్ల ఏనుగుకు, ఆ మంత్రికి మధ్య అడ్డెవరూ ఉండరు. ఏదో ఒక పావు పోవలసిందే. ఈ చిన్న వల నాకెంతో ఇష్టం.

లండన్‌లో ఇలాంటి మెరుపులు తక్కువ. బిషప్‌ను ఎఫ్4కు తెచ్చి, ఆ తర్వాతే ఇ3తో తలుపు మూస్తాం. నలుపు ఏమి ఆడినా అమరిక దాదాపు అదే కాబట్టి కంఠస్థం చేయాల్సిన భారం తక్కువ. అలాగని చప్పనిదనడం అన్యాయం. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ దీనితోనే రష్యాకు చెందిన నెపోమ్నియాషిని 44 ఎత్తుల్లో ఓడించాడు.

అయినా నా మొగ్గు గాంబిట్ వైపే. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో, అదీ ఆరో గేమే, దాదాపు ఎప్పుడూ ఇ4 ఆడే అమెరికన్ ఫిషర్ సి4తో మొదలుపెట్టి క్వీన్స్ గాంబిట్‌లోకి మళ్లాడు. 20వ ఎత్తులో ఇ4 జరిపి మధ్యభాగాన్ని కదిలించాడు, 38వ ఎత్తులో ఎఫ్6 మీద ఏనుగును బలిపెట్టాడు, 41 ఎత్తుల్లో గెలిచాడు. ప్రేక్షకులతో పాటు ఓడిన సోవియట్ చాంపియన్ స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు. సి4 తెరిచే నిలువు వరుస విలువ తెలియాలంటే ముందుగా ఆ గేమే బోర్డు మీద ఆడి చూడండి.