కలిపిందల్లా కల్తీ కాదు: స్పేసైడ్‌లో రెండు రోజులు

స్కాట్లాండ్‌లో విస్కీకి పేరున్న ప్రాంతం స్పేసైడ్. ఇన్వర్నెస్‌లో రైలెక్కి అక్కడి కీత్ స్టేషన్‌లో దిగాం, నేనూ మా బావా. స్ట్రాత్‌ఐలా డిస్టిలరీకి అక్కణ్నుంచి నడిచే వెళ్లొచ్చు. 1786 నాటిది. రెండు పగోడా కప్పులు, పక్కనే ఐలా నది. చీవాస్ రీగల్ అనే బ్లెండెడ్ (కలిపి చేసిన) విస్కీకి గుండెకాయ ఇక్కడి మాల్ట్ విస్కీయే. ఈ యాత్రలో ఒక్క చోటికే వెళ్లే వీలుంటే ఇక్కడికే రమ్మంటాను.

బావకి సింగిల్ మాల్ట్ తప్ప ఆనదు. బ్లెండెడ్ అంటే "కలిపిందే కదరా" అని పెదవి విరుస్తాడు. మన దగ్గర కలిపారంటే కల్తీ అనే అనుమానం. దానికి కారణమూ ఉంది. ఇండియాలో విస్కీ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసిన స్పిరిట్టే ఆధారం. స్కాచ్‌లో అది కుదరదు. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో, పాట్ స్టిల్ అనే రాగి బట్టీలో కాచింది సింగిల్ మాల్ట్. అలాంటి మాల్టులకు గోధుమో మొక్కజొన్నో వాడి తీసిన గ్రెయిన్ విస్కీ కలిపితే బ్లెండెడ్. ఆ గ్రెయిన్ విస్కీ కూడా ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు మగ్గాల్సిందే. సీసా మీద 12 అని ఉందంటే, లోపల కలిసిన వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి 12 ఏళ్లు నిండాయన్నమాట.

ముందు స్ట్రాత్‌ఐలా మాల్ట్ విడిగా రుచి చూశాం. ఎండుద్రాక్ష వాసన, వెనకాల కాస్త ఘాటు. తర్వాత చీవాస్. ఘాటు అణిగి తేనె తీపి పైకొచ్చింది. బావ గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

మర్నాడు అద్దె కారులో డఫ్‌టౌన్‌, అక్కడి గ్లెన్‌ఫిడిక్ డిస్టిలరీ. 1887 క్రిస్మస్ రోజున ఇక్కడ మొదటి విస్కీ కాచారు. 1963లో సింగిల్ మాల్ట్‌ను పనిగట్టుకుని విదేశాల్లో అమ్మడం మొదలుపెట్టిందీ వీళ్లే. అప్పటిదాకా స్కాట్లాండ్ మాల్టులో చాలా భాగం బ్లెండర్లకే పోయేది. బావ గొప్పగా చెప్పే సింగిల్ మాల్ట్ మోజు అంత పాతదేం కాదు!

డ్రైవింగ్ నాది. బండి నడిపేవాళ్ల ఒంట్లో ఉండదగ్గ మద్యానికి ఇక్కడ పరిమితి ఇంగ్లండ్ కన్నా తక్కువ, అందుకే నా వాటా చిన్న సీసాలో పోసిచ్చారు. బస చేసిన గెస్ట్‌హౌస్‌లో గది వెచ్చగా ఉంది, పొద్దున టిఫిన్ బాగుంది. రాత్రి వంట మాత్రం ఎనిమిదికే కట్టేశారు. ఆకలిగా తిరిగేవాళ్లు ముందే తిని రండి.

స్పేసైడ్ దాకా వెళ్లే తీరిక లేనివాళ్లకు ఎడిన్‌బరాలో 2021లో తెరిచిన జానీ వాకర్ ప్రిన్సెస్ స్ట్రీట్ అనే విస్కీ సందర్శన కేంద్రం ఉంది. బ్లెండ్ల గురించి అక్కడ బాగా చెబుతారు, మేడ మీంచి కోట కనిపిస్తుంది. కానీ బార్లీ పులిసే వాసన కావాలంటే కీత్‌కే రావాలి.

ఆ రాత్రి భోజనం దొరక్క, బ్రెడ్డూ చీజూ ముందు పెట్టుకుని నా చిన్న సీసా తెరిచాను. నాలుగు చుక్కలు నీళ్లు పోసేసరికి బేరిపండు వాసన గదంతా నిండింది. ఆ ఒక్క గుక్క బావతో పంచుకోవాలనిపించలేదు.