పద్నాలుగేళ్లు విన్న జేబీఎల్ 4311 జతకు వెల కట్టబోతే

జేబీఎల్ 4311 స్టూడియో మానిటర్ల (రికార్డింగు స్టూడియోల్లో వాడే స్పీకర్ల) జతను పద్నాలుగేళ్లు వాడి, ఈమధ్యనే అమ్మేశాను. ఊఫరు (తక్కువ స్థాయి స్వరాలు పలికే పెద్ద స్పీకరు) ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు తట్టుకుంటుంది వంటి సంగతులు తెలియనివారు ఈ సమీక్ష వైపు రారు కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. నేను చెప్పదలచినదంతా పెట్టె ముందు పలక మీద ఉండే రెండు నాబ్‌ల గురించి, అందులోనూ ముఖ్యంగా మధ్య స్థాయి స్వరాలను పెంచి తగ్గించే, ‘ప్రెజెన్స్’ అని రాసి ఉన్న నాబ్ గురించి. ఎడమ పెట్టె మీది ఆ నాబ్ ఈ జతను మూడో వంతు వెలకు నా చేత అమ్మించినంత పని చేసింది.

మెచ్చుకోవలసినది ముందు మెచ్చుకుంటాను. పాత స్పీకర్లు కొనేవారి మొదటి భయం ఊఫరు కోను చుట్టూ ఉండే అంచు గురించే. ఆ కాలపు స్పీకర్లలో చాలావాటికి ఫోము అంచు ఉండేది. వాడినా, వాడకుండా మూల పెట్టినా, కొన్నేళ్లకు ఆ ఫోము వేలు తగిలితే పొడిగా రాలిపోతుంది. 4311 ఊఫరుది ఫోము అంచు కాదు, మడతలు పెట్టి పూత పూసిన అంచు. నా చేతికి వచ్చేనాటికే వయసు మళ్లిన ఈ జతలో, ఇన్నేళ్లలో అంచు మార్పించవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ధ్వని గురించి కూడా చాలామందికి ఒకే మాట చెబుతూ వచ్చాను: మానిటర్లంటే చెవి కోస్తాయని భయపడవద్దు, ఇవి మెత్తగా మాట్లాడతాయి, గంటల తరబడి విన్నా అలసట రాదు అని. ఈ మాట దగ్గరకు మళ్లీ రావలసి ఉంది.

చిన్న గదిలోకి మారవలసి రావడంతో అమ్మకం తప్పలేదు. వెల తెలుసుకోవడానికి అందరిలాగే అమ్మకానికి పెట్టినవారు అడుగుతున్న ధరలు చూసి మురిసిపోయాను. ఆ తరువాత నిజంగా అమ్ముడుపోయిన జతల ధరలు వెతికితే, అడిగిన ధరకూ అమ్ముడైన ధరకూ మధ్య చాలా దూరం ఉందని అర్థమైంది. అడిగే ధర ఆశ మాత్రమే కనుక, అమ్ముడైన ధరలను మాత్రమే లెక్కలోకి తీసుకుని ఒక మధ్యస్థపు అంకె వేసుకున్నాను. ఆ అంకె పట్టుకుని పాత సామగ్రి కొనే ఒక వ్యాపారికి స్పీకర్లు వినిపించాను. ఆయన రెండు నిమిషాలు విని, ఎడమ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, మధ్య స్థాయి స్వరాలు పలికే మిడ్‌రేంజ్ కోను దగ్గర చెవి పెట్టి, ఇది చనిపోయిందని తేల్చారు. నేను అనుకున్న దానిలో మూడో వంతు ఇస్తానన్నారు.

ఆ మాటకు నాకు చాలా కోపం వచ్చింది గాని, ఆయన లెక్కలో తప్పు లేదు. మిడ్‌రేంజ్ డ్రైవరు (పెట్టె లోపలి విడి స్పీకరు) ఒక్కదాన్నే మంచి స్థితిలో సంపాదించడం కష్టం. దొరికినా అది వేరే జత నుంచి ఊడదీసినదై ఉంటుంది, దాని వయసు వేరు, అరుగుదల వేరు. జతగా పుట్టిన వస్తువులో ఒక భాగం బయటిదైతే కొనేవాడి కంటికి జత విడిపోయినట్టే. అందుకే పాత మానిటర్లకు వెల కట్టేటప్పుడు, ఒక్కటి పాడైతే సగం తగ్గదు, సగం కంటే చాలా ఎక్కువే తగ్గుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, నేనే పరీక్షకు కూర్చున్నాను. ముందు కుడి ఎడమల తీగలు మార్చి చూశాను. లోపం ఎడమ పెట్టెతోనే ఉండిపోయింది కనుక యాంప్లిఫైయర్‌ది తప్పు కాదు. తరువాత మిడ్‌రేంజ్ డ్రైవరు మరలు విప్పి, తీగలు వేరు చేసి మల్టీమీటరు పెట్టాను. కోనును కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, తెగి ఉంటే ముల్లు కదలకూడదు. కాని కుడి పెట్టెలోని డ్రైవరు ఎంత నిరోధం చూపిందో ఇదీ అంతే చూపింది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తాకించగానే టక్కుమని చప్పుడు వచ్చింది. వ్యాపారి చనిపోయిందన్న డ్రైవరు బతికే ఉంది. దానికి సంకేతం అందడం లేదు, అంతే. తీగలు మళ్లీ కలిపి, పాట పెట్టి, పద్నాలుగేళ్లుగా ముట్టుకోని ఆ ప్రెజెన్స్ నాబ్‌ను తిప్పాను. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు వచ్చి, అంతవరకూ కుడి వైపున నిలబడి పాడుతున్న గాయని గది మధ్యకు నడిచి వచ్చింది.

ఆ నాబ్ వెనక ఉండేది ఎల్‌ప్యాడ్ అనే భాగం. చుట్టలు చుట్టిన నిరోధపు తీగ మీద ఒక లోహపు నాలుక జారుతూ, డ్రైవరుకు ఎంత సంకేతం అందాలో నిర్ణయిస్తుంది. నాలుక ఏళ్ల తరబడి ఒకే చోట ఆగిపోతే, అది ఆనుకున్న చోట ఆక్సైడ్ పొర పేరుకుని సంకేతానికి అడ్డు పడుతుంది. దీనికి తయారీదారును తప్పుపట్టను. ఎవరు చేసిన పాత ఎల్‌ప్యాడ్‌కైనా వయసు చేసే పని ఇదే, పైగా మొదటి రోజున గుర్తు దగ్గర పెట్టి, కదిలిస్తే ధ్వని చెడుతుందేమోనని భక్తిగా వదిలేసినవాడిని నేనే. నాబ్‌లు నాలుగింటినీ ఈ చివరి నుంచి ఆ చివరికి యాభైసార్లు తిప్పాను. తరువాత పెట్టె లోపలికి చేరి, ఎల్‌ప్యాడ్‌లలో కాంటాక్ట్ క్లీనర్ చల్లి మళ్లీ తిప్పాను. చిటపటలు పోయాయి. కొత్త ఎల్‌ప్యాడ్‌లు వేస్తే ఇంకా నమ్మకంగా ఉండేది కాని, అసలు భాగాలు మార్చిన పెట్టెకు వెల తగ్గుతుందని ఆగిపోయాను.

ఇక ముందు వదిలిన మాట. నేను ఇన్నేళ్లు పొగిడిన మెత్తదనం 4311ది కాదేమో, ఒక పెట్టె సగం మూగపోయిన జతదేమో. ఈ మానిటర్‌లో ఊఫరుకు ఎక్కువ స్థాయి స్వరాలు వెళ్లకుండా కత్తిరించే ఫిల్టరు క్రాసోవర్‌లో (సంకేతాన్ని డ్రైవర్లకు పంచే సర్క్యూట్‌లో) లేదు. ఊఫరు తన సహజమైన హద్దు వరకూ పాడుతూ పోతుంది కనుక, మిడ్‌రేంజ్ క్రమంగా తగ్గిపోయినా పాటలో పెద్ద గొయ్యి పడినట్టు తెలియదు, వెచ్చగా, నింపాదిగా మారినట్టు అనిపిస్తుంది. అది ఎప్పుడు తగ్గడం మొదలైందో నాకు తెలియదు. బాగు చేశాక విన్న ధ్వని వేరు. గాత్రం ముఖం మీదికి వస్తుంది, తాళాల అంచులు పదునుగా ఉంటాయి, గంట దాటి వినడం నాకు కష్టమైంది. స్టూడియోలో తప్పులు పట్టడానికి పుట్టిన పెట్టెకు అది సుగుణమే. నేను నలుగురికీ చెప్పిన సుగుణం మాత్రం అది కాదు.

బాగుపడిన జతకు మళ్లీ వెల కట్టినప్పుడు లెక్కకు వచ్చినవి వేరే సంగతులు. ఊఫరు వెనక 2213 అనే అంకె పక్కన హెచ్ అక్షరం లేకపోవడం మొదటిది. అది లేదంటే ఆల్నికో అయస్కాంతం. 1978లో జైర్‌లో (నేటి కాంగోలో) చెలరేగిన పోరాటంతో ఆల్నికోలో వాడే కోబాల్ట్ ధర పెరిగి, స్పీకర్ల తయారీదారులు ఫెరైట్ అయస్కాంతాల వైపు మళ్లారు. అప్పటి నుంచి ఆల్నికోకు ఒక గ్లామరు ఏర్పడింది. ఆ తేడాను కళ్లు మూసుకుని పట్టగలనని నేను చెప్పుకోలేను గాని, దానికి దక్కే అదనపు ధరను వద్దనలేదు. కిటికీకి ఎదురుగా ఉన్న పెట్టె తెల్లకోను కొంచెం పసుపెక్కింది. దాన్ని తుడవబోయి పూత చెడగొట్టుకోవడం కంటే, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి చూపడమే మేలనుకున్నాను.

చివరకు కొన్నాయన బ్యాటరీ చేతపట్టుకుని వచ్చారు. ధన ధ్రువాన్ని ఎర్ర టెర్మినల్‌కు తాకించగానే ఊఫరు కోను బయటికి రాకుండా లోపలికి వెళ్లింది. ఎవరో తీగలు తారుమారు చేశారని, ధర తగ్గించమని పట్టుబట్టారు. జేబీఎల్ పాత పద్ధతే అది. వారి పాత డ్రైవర్లలో ధన ధ్రువం నల్ల టెర్మినల్‌కు ఇస్తేనే కోను ముందుకు కదులుతుంది, అందరూ పాటించే పద్ధతికి వారు తరువాత మారారు. రెండు పెట్టెలూ ఒకేలా కదులుతున్నాయి కనుక వినడానికి నష్టం లేదని చూపించి, లోపలి సోల్డరింగ్ ఎవరూ కదిలించలేదని కూడా చూపించాక ఆయన మెత్తబడ్డారు. నాబ్ కథ కూడా దాచకుండా చెప్పాను. నేను వేసుకున్న అంకెలో అయిదింట నాలుగు వంతులకు బేరం కుదిరింది. ఒక్కొక్కటీ పంతొమ్మిది కిలోల పెట్టెలను పార్సిల్‌లో పంపే ధైర్యం నాకు లేదు, ఆయన స్వయంగా వచ్చి తీసుకువెళ్లడం కూడా ఆ తగ్గింపులో కలిసింది.

మళ్లీ కొంటానా అంటే, గోడలు దూరంగా ఉన్న పెద్ద గది, పగలు గట్టిగా వినే వీలు ఉంటే కొంటానేమో. రాత్రిపూట తక్కువ శబ్దంతో వినే నాలాంటివాడికి ఇవి సరిపోతాయని ఇప్పుడు అనలేను, పద్నాలుగేళ్లు సరిపోయాయి మరి. పెట్టెలు బండి ఎక్కించే ముందు కొన్నాయన మరోసారి పాట పెట్టించుకుని, కొద్దిసేపు విని, ఏమీ అనకుండా రెండు ప్రెజెన్స్ నాబ్‌లనూ సగానికి తగ్గించారు.