ఆన్‌లైన్ రమ్మీ: పడిన ముక్కలు చూపించే ఆ బటన్ గురించి

రమ్మీ ఎలా ఆడాలి, పాయింట్స్ ఏంటి, పూల్ ఏంటి, డీల్స్ ఏంటి, ఇవన్నీ రాయను, పదమూడు ముక్కలాట తెలీనివాళ్ళకి ఈ రివ్యూతో పని లేదు. యాప్ పేరు కూడా రాయట్లేదు, డబ్బులాట ఎలాగూ మూసేశారు, పైగా నేను చెప్పబోయేది చాలా యాప్స్‌లో ఏదో ఒక రూపంలో ఉండేదే. కొన్నేళ్ళు ఆడాక నాకు చెప్పాలనిపించింది ఒక్క బటన్ గురించే. టేబుల్ మీద పైన మూలన చిన్నగా ఉంటుంది, నొక్కితే ఆ డీల్‌లో, అంటే ఆ పంపకంలో, ఎవరెవరు ఏ ముక్క పడేశారో పేరు పేరునా వరసగా చూపిస్తుంది. డిస్కార్డ్ హిస్టరీ. మొదటిసారి చూసినప్పుడు ఇది నిజంగా అందరికీ ఇస్తున్నారా లేక నా ఫోన్‌లో ఏదైనా తేడా వచ్చిందా అనుకున్నా.

ఎందుకంటే ఇంట్లో ఆడేటప్పుడు పడిన దొంతరలో వేలు పెడితే గొడవే. మా పెద్ద మామయ్య ఉన్న టేబుల్‌లో అయితే "ఇస్పేట్ ఎనిమిది పడిందా?" అని నోటితో అడగడం కూడా తప్పే, "పడినప్పుడు ఏం చేస్తున్నావురా" అంటాడు. ఆయనకి మాత్రం అన్నీ గుర్తుంటాయి, ఎవడు ఏది పడేశాడు, ఎవడు ఏది ఎత్తుకున్నాడు, పడేసేముందు ఎంతసేపు ఆలోచించాడు, అన్నీ. నాకు ఆ బుర్ర లేదు. నాలుగు రౌండ్లు తిరిగేసరికి నేను పడేసిన ముక్కే నాకు గుర్తుండదు, ఇంక పక్కోడిది ఏం గుర్తుంటుంది. అందుకే ఇంట్లో నేనెప్పుడూ స్కూట్ మాస్టర్‌నే, ముక్కలు కాస్త తేడాగా ఉంటే చాలు స్కూట్, అంటే ఈ పంపకం నేను ఆడను, అనేసి టీ తాగుతూ కూర్చునేవాడిని.

అలాంటి నాకు ఈ బటన్ దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేతిలో డైమన్ తొమ్మిది ఉంది, పడేయాలా వద్దా? బటన్ నొక్కు. రెండు డైమన్ పదులూ పడిపోయాయి, డైమన్ ఎనిమిది ఒకటి ఆ ఎడమపక్కాయనే పడేశాడు, అంటే ఆయనకి ఈ చుట్టుపక్కల పెద్దగా అవసరం లేనట్టే, పడేయ్. నాకు కావాల్సిన కళావర్ నాలుగు రెండూ పోయాయా, అయితే దానికోసం కూర్చోవడం దండగ, ఇంకో దారి చూసుకో. ఎర వేయడానికి కూడా పనికొస్తుంది, మనం ఏం పడేశామో వాళ్ళూ చూస్తారు కదా, అందుకని కావాలనే ఇస్పేట్ రాణిని ముందే వదిలేస్తే రాజు పట్టుకున్నోడు ఇంక ఇతనికి ఆ వైపు ఏం లేవులే అని దాన్ని వదులుతాడు. ఈ ఆలోచనలన్నీ మామయ్యకి చిన్నప్పటి నుంచీ తలలోనే నడుస్తుంటాయి, నాకు మాత్రం ఈ ప్యానెల్ వచ్చాకే అర్థమైంది ఆటంటే ఇదీ అని. మొదట్లో నేను దీన్ని ఎంత పొగిడానంటే ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నా మాట విని ఇన్‌స్టాల్ చేశారు.

చిన్న చిన్న తలనొప్పులు లేకపోలేదు. ప్యానెల్ తెరిస్తే మన ముక్కలు సగం దాని కింద పడిపోతాయి, చిన్న స్క్రీన్ ఫోన్ అయితే మరీ, అటు టైమర్ పరిగెడుతూ ఉంటుంది. చూసి, మూసి, ఆలోచించి, పడేసేలోపు ఎక్స్‌ట్రా టైం కూడా తినేసేవాడిని, అవతలోళ్ళు త్వరగా ఆడమని ఎమోజీలు పంపేవాళ్ళు. అదేం పెద్ద విషయం కాదు.

అసలు విషయం ఒక పూల్ టేబుల్ మీద జరిగింది. 201 పూల్, అంటే పాయింట్లు కూడుకుంటూ 201కి చేరినవాడు అవుట్, ఎంట్రీ 200, ఆరుగురితో మొదలై ముగ్గురం మిగిలాం. నాది 168. మూడో ఆయన 181. నా తర్వాత ఆడే ఆయన, అంటే నేను పడేసింది ఎత్తుకునే ఛాన్స్ ఉన్నాయన, మా ఇద్దరికన్నా బాగా తక్కువలో ఉన్నాడు. స్కూట్ చెప్తే 25 పడి 193 అవుతుంది, ఇంకో డీల్ బతుకుతాను గానీ ముక్కలు బాగానే వచ్చాయి, ప్యూర్, అంటే జోకర్ లేకుండా వరస ముక్కల సీక్వెన్స్, చేతికే వచ్చేసింది, జోకర్ కూడా ఒకటుంది, రెండో సీక్వెన్స్‌కి ఒక్క ముక్క తక్కువ. ఎవరైనా ఆడతారు. ఆడుతుంటే మధ్యలో నెట్ పోయింది. వైఫై నుంచి డేటాకి మారి మళ్ళీ కనెక్ట్ అయ్యేలోపు నా టర్న్ ఒకటి వచ్చి వెళ్ళిపోయింది. నెట్ లేనప్పుడు యాప్ మన బదులు మూసిన పేకలోంచి ముక్క తీసి అదే ముక్కని పడేస్తుంది, అది అందరికీ తెలిసిన రూలే, దాని మీద నాకు కంప్లైంట్ లేదు.

తిరిగొచ్చాక టేబుల్ మీద ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకున్న ఆధారం ఆ ప్యానెల్ ఒక్కటే కదా. తెరిచాను. నా పేరు కింద ఆటీన్ రాణి, అంటే నా బదులు యాప్ తీసి పడేసింది. మూడో ఆయన వరసలో ఇంకో ఆటీన్ రాణి ముందే పడి ఉంది. రెండు పేకల ఆట, రాణులు రెండే, రెండూ పోయాయి. నా చేతిలో ఊరికే ఉన్నవి రెండు, ఆటీన్ రాజు, కళావర్ ఆరు. ఆరుకి చుట్టుపక్కల అయిదూ ఏడూ ఒక్కటి కూడా పడలేదు, అది ప్రమాదం. రాజుకి సీక్వెన్స్ కావాలంటే రాణి లేకుండా కుదరదు, జోకర్ పెట్టి లాగొచ్చు గానీ ఆ టైంలో ఎవడూ జోకర్‌ని అక్కడ ఖర్చుపెట్టడు, మిగతా రాజులు కూడా చాలావరకు పడిపోయి ఉన్నారు కాబట్టి ఎవరైనా రాజులతోనే సెట్ కడతారన్న భయం కూడా లేదు. పైగా పది పాయింట్ల ముక్క, చేతిలో ఉంచుకుంటే బరువు. ఇంతకన్నా సేఫ్ ముక్క ఆ చేతిలో లేదు. రాజుని పడేశాను.

ఆయన ఎత్తుకున్నాడు. షో.

ముక్కలు పరిస్తే ఆటీన్ జాకీ, రాణి, రాజు, ప్యూర్‌గా మెరుస్తూ ఉన్నాయి. ఆ రాణి ఎక్కడిది? యాప్ నా పేరు మీద పడేసిన రాణే. నేను నెట్ లేకుండా ఉన్నప్పుడు ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. కానీ ప్యానెల్‌లో ఆ రాణి నా పేరు కింద హాయిగా పడి ఉంది, ఎవరూ ముట్టుకోనట్టు. ఎవరేం పడేశారో చూపిస్తుంది తప్ప పడిన దాంట్లోంచి ఎవరేం తీసుకున్నారో చూపించదు. నాకు కౌంట్ 34 వచ్చింది, 168కి 34 కలిపితే 202, అవుట్. మళ్ళీ డబ్బు కట్టి చేరే రీజాయిన్ అయినా దొరుకుతుందేమో అంటే టేబుల్ మీద ఎవరైనా 174 దాటి ఉంటే రీజాయిన్ లేదు, మూడో ఆయన 181లో ఉన్నాడుగా.

డబ్బు పెద్దది కాదు, అది పోయినందుకు కాదు మంట. ఇంట్లో అయితే మామయ్య కళ్ళ ముందు ఎత్తుకుంటాడు, నేను చూస్తాను, గుర్తుంటే ఉంటుంది లేకపోతే లేదు, అది నా ఖర్మ. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన పని మేం చేస్తాం అని చెప్పి సగం మాత్రమే చేసి పెట్టారు, ఆ సగం లేకుంటే కనీసం అనుమానంగానైనా ఆడేవాడిని. కస్టమర్ కేర్‌కి డీల్ ఐడీతో సహా రాస్తే గేమ్ రూల్స్ ప్రకారమే నడిచింది సార్, డిస్కార్డ్ హిస్టరీలో డిస్కార్డ్స్ మాత్రమే వస్తాయి అని జవాబు. మాట తప్పు పట్టడానికి లేదు, అదే ఇంకా ఒళ్ళు మండించింది.

కొన్నాళ్ళకి ఒక అప్‌డేట్‌లో ఎత్తుకున్న ముక్కల్ని ప్యానెల్‌లో మసక రంగులో చూపించడం మొదలుపెట్టారు. నా కంప్లైంట్ వల్లే అని గొప్పలు చెప్పను, నాలాంటోళ్ళు చాలామంది తిట్టి ఉంటారు. ఆ అప్‌డేట్ చాలా మంచిదే, కాకపోతే అప్పటికి నాకు ఇంకో సంగతి అర్థమైపోయింది. కాస్త పెద్ద ఎంట్రీ ఉన్న టేబుల్స్‌లో అందరూ అదే ప్యానెల్ తెరుచుకుని ఆడుతుంటారు. నాకు మామయ్య జ్ఞాపకశక్తి వచ్చిందని నేను మురిసిపోతున్నా, అవతల అయిదుగురికీ అదే వచ్చింది. పుస్తకం చూసి రాసే పరీక్షలో ఫస్ట్ రావడం లాంటిది, పుస్తకం నా ఒక్కడికే ఇవ్వలేదు కదా. గెలుపోటముల లెక్క తీసి చూసుకుంటే చిన్న టేబుల్స్‌లో ప్యానెల్ నాకు బాగా కలిసొచ్చింది, పెద్ద టేబుల్స్‌లో దాదాపు ఏ తేడా లేదు. పైన అంత పొగిడాను గానీ ఆ పొగడ్త చిన్న టేబుల్స్ వరకే అని చదువుకోండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. రమ్మీ జూదం కాదు అని యాప్‌లన్నీ ఏ సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తాయో అది మనదే, 1967 నవంబర్‌లో తేలిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద పోలీసుల రైడ్‌తో మొదలైంది. అందులో కోర్టు చెప్పిన కారణం ఏంటంటే, మూడు ముక్కలాటలా ఇది పూర్తిగా అదృష్టం కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలి ఏది వదలాలి అన్నదాంట్లో నేర్పు ఉంది అని. ఆ రెండిట్లో మొదటిదాన్ని యాప్ ఒక బటన్ చేసి అందరికీ పంచిపెట్టేసింది! అదే తీర్పులో ఆట నడిపే క్లబ్బు దాని మీద లాభం చేసుకుంటుంటే సంగతి వేరు అని కూడా ఉంది, ఆ ముక్క ఏ యాప్ ప్రకటనలోనూ నాకు కనబడలేదు, ప్రతి టేబుల్ మీదా వాటా కోసుకునేది మాత్రం కనబడుతూనే ఉండేది.

మిగతావి తొందరగా చెప్పేస్తా. నేను ఆడింది బెంగళూరులో. తెలంగాణ 2017లో, ఏపీ 2020లో ఆన్‌లైన్ డబ్బులాట ఆపేశాయి కాబట్టి పండక్కి ఇంటికెళ్తే లొకేషన్ చూసి యాప్ టేబుల్ ఎక్కనిచ్చేది కాదు, దానికి నాకేం బాధ లేదు, ఇంట్లో అసలు పేకే ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అదే ఏడాది అక్టోబర్ నుంచి వేసే ప్రతి డిపాజిట్ మీదా 28 శాతం జీఎస్టీ, అంటే 100 వేస్తే టాక్స్ పోను 78 చిల్లర, ఆ కోత కనబడకుండా బోనస్ అని ఏదో కలిపి చూపించేవాళ్ళు. అది వచ్చాక, ఎంత బాగా ఆడినా మిగిలేదేమీ లేదని లెక్క తెలిసినవాడెవడికైనా అర్థమైపోతుంది. మనుషుల బదులు ఆడే ప్రోగ్రాములు, అదే బాట్‌లు, ఉన్నాయా లేవా అన్న చర్చలోకి నేను వెళ్ళను, నా దగ్గర రుజువు లేదు.

2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేసింది. నా వాలెట్‌లో ఉన్నది విత్‌డ్రా పెడితే పేచీ లేకుండా బ్యాంకులో పడింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఇప్పుడు అదే యాప్‌లో ఉచిత చిప్స్ ఆట ఉంది, ప్యానెల్ కూడా ఉంది, మసక రంగు కూడా ఉంది. కానీ పోయేది ఏం లేదు కాబట్టి జనం ఇష్టమొచ్చినట్టు పడేస్తారు, ప్యూర్ కూడా లేకుండా చివరిదాకా లాగి ఫుల్ కౌంట్ ఇచ్చి నవ్వుకుంటారు, ఎర వేసినా పట్టించుకునేవాడు లేడు. డైమన్ ఎనిమిది పడేశాడంటే తొమ్మిది అక్కర్లేదని అర్థం కాదు అక్కడ, వేలు తగిలిందని అర్థం. ప్యానెల్ చూసి ఊహించిన ప్రతిసారీ బోల్తా.

కాబట్టి నా మాట ఏంటంటే, ఆ బటన్ నాకు నచ్చింది, ఎత్తుకున్న ముక్కలు చూపించనన్నాళ్ళు దాన్ని అసహ్యించుకున్నా, ఇప్పుడు చూపిస్తున్నా పెద్దగా పని లేకుండా పోయింది. ఇదంతా అప్పట్లో పెళ్ళి కాని, అద్దె కట్టాక జీతంలో కాస్త మిగిలే, నెలకింత అని పక్కన పెట్టుకుని అది అయిపోతే యాప్ మూసేసే మనిషి చెప్పేది. నా మాట విని ఇన్‌స్టాల్ చేసినవాళ్ళలో ఒకతను లోన్ యాప్‌ల దాకా వెళ్ళాడు, ఆ ప్యానెల్ ఎంత బాగుందో అతన్ని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది, ఈ రివ్యూ అతను రాసి ఉంటే మొదటి లైన్‌లోనే ఒక్క స్టార్ ఇచ్చేవాడు. నేను మూడు ఇస్తాను, అది కూడా ఉచిత చిప్స్ ఆటకి కాదు. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు మామయ్యకి ఈ ప్యానెల్ చూపించాను, రెండు నిమిషాలు అటూ ఇటూ జరిపి చూసి, "ఇది ఉంటే ఇంక నాతో ఆడేదెవడ్రా" అని ఫోన్ తిరిగిచ్చేసి పేక కలపడం మొదలుపెట్టాడు.