అన్నీ మారాయి, ఒక్క స్టార్ తప్ప

మా ల్యాబ్‌లో గ్రాఫులకీ స్టాటిస్టిక్స్‌కీ ఒకటే సాఫ్ట్‌వేర్. నాలుగేళ్లుగా దాంతోనే కాపురం. గ్రూపుల మధ్య తేడాలు చూసే టీ-టెస్ట్, అనోవా, సగం ప్రభావానికి ఎంత డోసు కావాలో చూపే ఐసీ50 కర్వ్ అన్నీ చేస్తుందని వాడేవాళ్లకు తెలిసిందే, వాటి జోలికి వెళ్లను. నేను దీన్ని పట్టుకుని వేలాడటానికి కారణం ఒక్కటే. టేబుల్‌లో ఒక అంకె మారిస్తే దాని మీద చేసిన ఎనాలిసిస్, గ్రాఫ్, ఆ గ్రాఫ్ పెట్టిన పేజీ అన్నీ వాటంతటవే మారిపోతాయి. అంతకుముందు ఎక్సెల్‌లో లెక్కలు, ఇంకోచోట టెస్టులు, పవర్‌పాయింట్‌లో బొమ్మలు. ఒక్క రీడింగ్ మారిందంటే ఆ సాయంత్రం గోవిందా.

కొత్తగా చేరినవాళ్లకు ఈ ఒక్క ఫీచర్ గురించే తెగ చెప్పేదాన్ని. ఇప్పుడూ చెప్తాను, కాకపోతే కొంచెం ఆగి చెప్తాను.

పోయినేడాది జర్నల్‌కి పంపిన మా పేపర్ రివిజన్‌కి వచ్చింది. ఎమ్‌టీటీ ఎస్సే (కణాలు ఏపాటి బతికున్నాయో రంగును బట్టి కొలిచే పరీక్ష), మందు వేయని కంట్రోల్ కాక మూడు డోసులు, గ్రూపుకి ఆరు రీడింగులు. రివ్యూయర్లకు జవాబు రాసేముందు నోట్‌బుక్ తీసి సరిచూస్తుంటే, తక్కువ డోసు గ్రూపులో 0.76 ఉండాల్సిన చోట 0.67 కనిపించింది. ఎప్పుడో రాత్రి పూట అంకెలు తారుమారు చేసి కొట్టాను. సరిచేసి ఎంటర్ నొక్కగానే బార్ వెంట్రుకవాసి పైకి జరిగింది, దాని మీద అటూఇటూ తేడాను చూపే ఎర్రర్ బార్ కాస్త కుంచించుకుపోయింది. ప్రతి డోసునూ కంట్రోల్‌తో పోల్చే డనెట్ టెస్టు టేబుల్‌లో పీ వాల్యూ 0.03 నుంచి 0.07కి పోయింది, అంటే మామూలుగా పెట్టుకునే 0.05 హద్దు దాటేసింది, తేడా ఉందని ఇక చెప్పుకోలేం. టేబుల్ కొత్తది పెట్టాను, బొమ్మ కొత్తది ఎక్స్‌పోర్ట్ చేశాను, పంపేశాను.

బార్ నెత్తి మీద, తేడా లెక్కలోకి వస్తుందని చెప్పే స్టార్ గుర్తు మాత్రం అలాగే ఉండిపోయింది. అది నేను టెక్స్ట్ బాక్సులో చేత్తో కొట్టిన స్టార్ మరి. దానికీ పీ వాల్యూకీ ఏ చుట్టరికమూ లేదు. అన్నీ అవే మారతాయన్న ధీమాలో అటు చూడనే లేదు.

రెండో విడత కామెంట్లలో రివ్యూయర్ ఒకే ముక్క అడిగారు: టేబుల్‌లో 0.07, బొమ్మలో స్టార్, ఏది నమ్మమంటారు? మా గైడ్ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ టెన్షన్. తక్కువ డోసు కూడా పనిచేస్తుందని డిస్కషన్‌లో గొప్పగా రాసుకున్న పేరా మొత్తం ఎత్తేశాం.

తర్వాత తెలిసిందేమిటంటే, ఎనాలిసిస్ ఫలితం నుంచే స్టార్లు పెట్టే బటన్ మా వెర్షన్‌లోనే ఉంది. పీ మారితే ఆ స్టార్ కూడా మారుతుంది. పాత వెర్షన్ అలవాటుతో నేనే దాని వంక చూడలేదు. కాబట్టి తప్పు సగం నాదే. మిగతా సగం ఎవరిదంటే, చేత్తో రాసినదీ లెక్కలోంచి వచ్చినదీ గ్రాఫ్ మీద అచ్చం ఒకేలా కనిపించడానిది. కనీసం రంగైనా వేరుగా ఉంటే కన్ను పడేది. థీసిస్‌లో బొమ్మగా అతికించిన కాపీలు ఎలాగూ మారవు, అది వేరే తలనొప్పి.

ఇంకోటి, పాత ఫైలును టెంప్లేట్‌గా వాడితే ఎర్రర్ బార్ సెట్టింగ్ కూడా వెంట వచ్చేస్తుంది. ఆరు రీడింగులకు ఎస్‌ఈఎమ్ (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) అంటే ఎస్‌డీలో (రీడింగులు ఎంత చెదిరాయో చెప్పేది) దాదాపు 40 శాతమే. గ్రాఫ్ ముచ్చటగా ఉంటుంది, లెజెండ్‌లో ఎస్‌డీ అని రాసుంటే మాత్రం కొంప మునుగుతుంది.

నా డేటా చిన్నది, గ్రూపులు నాలుగైదు మించవు, కోడ్ రాసే ఓపిక లేదు. నాకు ఇది సరిపోయింది. వేల జీన్లతో కుస్తీ పట్టే మా పక్క బెంచీ అమ్మాయి కోడ్ రాసి లెక్కలు చేసే ఆర్ తప్ప ఇంకోటి ముట్టుకోదు, ఆమె దారి ఆమెకు సరైనదే. లైసెన్స్ ల్యాబ్‌ది, ఫైలు వేరే సాఫ్ట్‌వేర్‌లో సరిగా తెరుచుకోదు, అందుకే రా డేటా అంతా ఎక్కడైనా తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా కూడా దాస్తున్నాను. ఇక్కణ్ణించి వెళ్లాక సొంత డబ్బు పెట్టి కొంటానా అంటే, వెళ్లే చోట ఏది వాడుతున్నారో చూశాకే చెప్పగలను.