లోపాలు కోసి తీసే లేజర్ రంపం: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విశాఖపట్నం పరిసరాల్లో తలుపుల చట్రాలు, కిటికీ రెక్కలు, ఫింగర్ జాయింట్ పలకలు (పొట్టి ముక్కల కొసల్లో వేళ్ల లాంటి పళ్లు కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికించినవి) తయారు చేసే మా కార్ఖానాలో, చెక్కలోని ముడులనూ పగుళ్లనూ కోసి తీసేయడానికి లేజర్ గీత ఆధారంగా నడిచే అడ్డకోత రంపాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాము. దాని మీదికి ఎక్కే సరుకులో ఎక్కువ భాగం గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి, గాంధీధాం కోతమిల్లుల్లో పలకలై వచ్చే న్యూజిలాండ్ పైన్. మిగిలినది కేరళ రబ్బరు చెక్క, ఆర్డరు ఉన్నప్పుడు టేకు. తయారీదారు పేరు ఇక్కడ అప్రస్తుతం. ఈ తరహా యంత్రాల పనితీరులో పెద్ద తేడా ఉండదు, కొనేవారు తెలుసుకోవలసిన విషయాలూ ఏ కంపెనీదైనా దాదాపు అవే.

పలకను రోలర్ల బల్ల మీద కంచెకు, అంటే పక్కనున్న అడ్డుపట్టీకి, ఆనించి పెడతాము. బల్ల పైన ఉన్న పట్టా మీద లేజర్ దీపం చేత్తో జరిపితే జారుతుంది, పలకకు అడ్డంగా సన్నని గీత వేస్తుంది. ముడి మొదలయ్యే చోట గీతను నిలిపి ఒకసారి, ముడి ముగిసిన చోట మరొకసారి మీట నొక్కితే, పట్టా పక్కనున్న కొలత పట్టీ ద్వారా ఆ రెండు స్థానాలనూ కంట్రోలరు చదివి, మధ్య భాగాన్ని పనికిరానిదిగా రాసుకుంటుంది. చివరి దాకా గుర్తులు పెట్టాక, ముందే ఎక్కించి ఉంచిన కొలతల జాబితాతో సరిచూసి ఏ ముక్క ఎక్కడ కోయాలో లెక్క వేసుకుంటుంది. ఆ తర్వాత సర్వో మోటారుతో, అంటే చెప్పిన కొలత మేరకే కదిలించే మోటారుతో, నడిచే చేయి పలకను వెనుకనుంచి నెడుతుంది, రంపం బల్ల కిందినుంచి లేచి కోసి దిగిపోతుంది.

ఈ యంత్రం ఖరీదుకు న్యాయం చేసేది లేజర్ కాదు, ఆ లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాము. 3,000 మిల్లీమీటర్ల పలకలో 700 నుంచి 760 వరకు ఒక ముడి, 1,900 నుంచి 1,980 వరకు మరొకటి ఉన్నాయి. అంటే 700, 1,140, 1,020 మిల్లీమీటర్ల శుభ్రమైన భాగాలు మూడు మిగిలాయి. మనకు కావలసిన కొలతలు 900, 550, 450, 320 అనుకుందాము. చేత్తో కోసే మనిషి సహజంగా పొడవైన ముక్కను ముందు తీస్తాడు. రెండు పెద్ద భాగాల్లోనూ ఒక్కో 900, చిన్న దానిలో ఒక 550 వస్తాయి. మొత్తం 2,350. యంత్రం అదే పలకను 700లో రెండు 320లుగా, 1,140లో రెండు 550లుగా, 1,020లో ఒక 550, ఒక 450గా విడదీస్తుంది. రంపపు కోత మందం 4 మిల్లీమీటర్లు, పలక కొసలు శుభ్రం చేయడానికి 12 మిల్లీమీటర్ల చొప్పున తీసేసినా 2,740 పనికొస్తుంది. ఒక్క పలక మీద 390 మిల్లీమీటర్లు, అంటే పలక పొడవులో 13 శాతం అదనం. ప్రతి పలకా ఇంత ఇవ్వదు. ముడులు తక్కువగా ఉన్న మేలు రకం సరుకులో తేడా చాలా స్వల్పం, ముడులు దగ్గరదగ్గరగా ఉన్న రెండో రకం సరుకులోనే యంత్రం తన విలువ చూపిస్తుంది.

అయితే పై లెక్కను మరొక్కసారి చూడండి: యంత్రం కోసిన ముక్కల్లో 900 ఒక్కటి కూడా లేదు. పొడవును మాత్రమే చూసి కోయమంటే అది రోజంతా ఇలాగే పొట్టి ముక్కలు గుట్టలుగా పోస్తుంది, సాయంత్రానికి తలుపు చట్రాల నిలువు బద్దలకు చెక్క దొరకదు. అందుకే జాబితాలో ప్రతి కొలతకూ ఒక విలువ ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. 900 మిల్లీమీటర్ల ముక్కకు దాని పొడవు నిష్పత్తి కన్నా ఎక్కువ విలువ వేస్తే, కొంత వృథా అయినా సరే యంత్రం దాన్ని ముందు తీస్తుంది. ఏ కొలతలో ఎన్ని ముక్కలు తయారయ్యాయో చూస్తూ మధ్యాహ్నం ఒకసారి విలువలు సవరించడం మా దగ్గర నిత్యకృత్యం. అమ్మకందారులు ప్రదర్శనలో వేగం చూపిస్తారే తప్ప ఈ విలువల పట్టిక గురించి ఎక్కువగా మాట్లాడరు. నా దృష్టిలో నిర్వాహకుడికి ఇవ్వవలసిన శిక్షణలో సగం దీనిమీదే ఉండాలి.

ఇక లేజర్ సంగతి. ఎర్ర లేజర్ వెలుగు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మన కంటికి పగటి వెలుగులో బాగా ఆనేది 555 ప్రాంతం కనుక, అంతే శక్తి గల 520 నానోమీటర్ల ఆకుపచ్చ గీత చాలా స్పష్టంగా కనిపిస్తుంది. పైన్ మీద, నీడలో, ఎర్ర గీత సరిపోతుంది. రేకుల షెడ్డులో, తలుపులు తెరిచి ఉంచిన ఎండపూట, టేకు మీద మాత్రం ఎర్ర గీతను వెతుక్కోవలసి వస్తుంది. ఆకుపచ్చ లేజర్‌లోనూ 532 నానోమీటర్ల పాత రకం వేడికీ చలికీ వెలుగు మారుస్తుంది, నేరుగా డయోడ్ నుంచి వచ్చే 520 రకం నిలకడగా ఉంటుంది. గీత నిట్టనిలువుగా పడుతోందా లేదా అన్నది రంగు కన్నా ముఖ్యం. దీపం పలక పొడవు దిశలో 10 డిగ్రీలు వాలి ఉంటే, 25 మిల్లీమీటర్ల పలక మీంచి 50 మిల్లీమీటర్ల పలక మీదికి మారినప్పుడు గీత 4 మిల్లీమీటర్లకు పైగా జరిగిపోతుంది, అంటే ఒక రంపపు కోతంత. మందం మార్చినప్పుడల్లా ఒక తుక్కు పలక మీద గుర్తు పెట్టి, కోయించి, టేపుతో సరిచూడటం తప్పనిసరి. రంపపు బిళ్ల మార్చినప్పుడు కూడా అంతే, ఎందుకంటే కొత్త బిళ్ల కోత మందం పాతదానితో సమానంగా ఉండకపోవచ్చు.

గీత వెలుగుతున్నంత మాత్రాన యంత్రానికి చెక్క కనిపిస్తోందని అనుకోకూడదు. ఇది కెమెరాలతో పలకను పరిశీలించే స్కానరు కాదు, నిర్వాహకుడి కన్ను ఏది లోపమంటే అదే లోపం. కొమ్మ మాను నడిమి నుంచి ఏటవాలుగా బయటికి పెరుగుతుంది కనుక ముడి కూడా పలకలో ఏటవాలుగానే దూరుతుంది. పైముఖాన చూసిన చోటికీ అడుగుముఖాన తేలిన చోటికీ మందపాటి పలకలో వేలెడంత తేడా రావచ్చు. గీత పైముఖాన మాత్రమే పడుతుంది, కాబట్టి పలకను ముందుగా తిరగేసి చూసి, రెండు ముఖాల హద్దులూ కలిసేలా మీట నొక్కాలి. కొసల్లోని పగుళ్లు కంటికి ఆగినట్టు కనిపించిన చోట ఆగవు, ఇంకొంచెం లోపలికి వదిలి కోస్తేనే ఫింగర్ జాయింట్ పళ్లు విరగవు. చుట్టూ నల్లని బెరడు ఉంగరం ఉన్న ముడి ఎండాక ఊడిపోతుంది, అది పోవలసిందే. చెక్కతో కలిసిపోయిన చిన్న ముడి, పైన్‌లోనూ రబ్బరు చెక్కలోనూ వచ్చే నీలి మరక, రంగు వేసే చట్రానికి అభ్యంతరం కావు, పాలిష్ వేసే బల్లకు పనికిరావు. మా యంత్రంలో రెండో రకం నాణ్యతకు విడిగా ఒక మీట ఉంది, అది లేని నమూనాను నేను కొనను. ఇక్కడే అనుభవం ఉన్న వడ్రంగికీ, నిన్న చేరిన కుర్రవాడికీ తేడా తెలుస్తుంది. కుర్రవాడు అనుమానం వచ్చిన ప్రతి చోటా మీట నొక్కుతాడు, అలా పోయిన చెక్కను ఎంత మంచి లెక్క అయినా తిరిగి ఇవ్వదు.

నిర్వహణ కష్టమైనది కాదు, కానీ వాయిదా వేయడానికి వీల్లేనిది. పొట్టు పేరుకుంటే లేజర్ అద్దం మసకబారి గీత లావవుతుంది. పైన్ జిగురు రోలర్లకు అంటుకుంటే పలక తడబడి, నెట్టే చేతికి ఆనకుండా కాస్త ముందుకు ఉండిపోతుంది, కొలత తప్పేది అక్కడే. సముద్రపు తేమ వల్ల వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకులో నీరు త్వరగా చేరుతుంది, రోజూ వదలకపోతే అది వాల్వుల్లోకి పోయి, గాలి ఒత్తిడితో పలకను అదిమి పట్టే ప్యాడు ఆలస్యంగా దిగుతుంది. కరెంటు ఒడిదుడుకులకు సర్వో డ్రైవు సున్నితమైనది, స్టెబిలైజరు ఖర్చును యంత్రం ధరలో కలిపి చూసుకోవాలి.

భద్రత విషయంలో రెండు మాటలు చాలు. గుర్తులు పెట్టే లేజర్ 1 మిల్లీవాటు లోపు, లేజర్ భద్రతా వర్గీకరణలో రెండో తరగతిది అయితే కంటి రెప్పపాటే రక్షణ. ఎక్కువ వెలుగు కోసం అంతకు మించిన దీపం బిగించుకోవడం మంచిది కాదు. రంపం పక్కన ఇరుక్కున్న చిన్న ముక్కను చేత్తో తీయాలనిపిస్తే, ముందు మెయిన్ స్విచ్ ఆపాలి.

రోజుకు కొన్ని పలకలే కోసే దుకాణానికి ఇది అక్కరలేదు. మామూలు అడ్డకోత రంపానికి ఒక లేజర్ దీపం, పలకను కొలత దగ్గర ఆపే మంచి స్టాపరు బిగించుకుంటే చాలు. రోజూ లారీ సరుకు దిగే చోట, పది రకాల కొలతలు ఒకేసారి కావలసిన చోట, పొట్టి ముక్కలను అతికించే ఫింగర్ జాయింట్ యంత్రం కూడా ఉన్న చోట మాత్రం ధైర్యంగా కొనవచ్చు. ప్రదర్శనకు వెళ్లేటప్పుడు మీ అడితిలోంచి ముడులున్న రెండో రకం పలకలను, మీ కొలతల జాబితాను వెంట తీసుకువెళ్లి, వాటినే కోసి చూపించమనండి. వాళ్లు సిద్ధంగా పెట్టుకున్న నున్నటి పలకల మీద ఏ యంత్రమైనా బాగానే కోస్తుంది.